తూము తెరిపించిన బేగడ కిరీటం

మీరు ఇంతవరకూ తలవంచి చేసిన పనుల్లో, చెయ్యమన్నవాడికి ఆ అధికారం ఎవరిచ్చారని అడిగి చేసినవి ఎన్ని? వేళ్ళు మడిచి లెక్కపెట్టండి. తొందరేమీ లేదు. ఒక చేతి వేళ్ళే ఎక్కువైపోతాయని నా అనుమానం.

కోపంగా అడుగుతున్నానని అనుకోకండి. కోపం మొన్న వచ్చింది. రాజమండ్రిలో ఒక సభకు వెళ్ళాను. నాటకాల వల్ల ప్రజలకు మేలా, కీడా అని వాదం. కీడని వాదించిన వక్త ఒక కుర్ర వకీలు. మంచి మాటకారి. తన వాదానికి బలంగా ఒక కథ చెప్పాడు. "వెనక మన జిల్లాలోనే ఒక పల్లెలో నాటకం ఆడుతున్నారట. రాజు వేషగాడు సింహాసనం మీద కూర్చుని తూము తెరవండని ఆజ్ఞాపించాడట. చూస్తున్న కాలువ లస్కరు చిత్తం ప్రభూ అని లేచి వెళ్ళి, నిజంగానే సర్కారు తూము తెరిచేశాడట! ఇటువంటి జనానికి నాటకాలు కావాలా చెప్పండి?" సభంతా పగలబడి నవ్వింది. ఆడవాళ్ళ వరసలో నా పక్కనున్నామె కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

నేను నవ్వలేదు. ఆ పల్లె మాది. ఆ రాజుకు ఆ మాట అందించింది నేను.

అప్పటికి నాకు పదేళ్ళు. గోదావరి గట్టుకూ పంటకాలువకూ మధ్య ఇరుక్కున్నట్టుండేది మా ఊరు. నాన్నగారు బడిపంతులు. మగపిల్లలతో పాటు నన్నూ ఇసకలో కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించారు. ఊళ్ళో నా ఈడు ఆడపిల్లలందరి మెడల్లోనూ పసుపుతాళ్ళు పడిపోయాయి. నాన్నగారు మాత్రం వచ్చే ఏడు చూద్దాం అంటూ నెట్టుకొస్తున్నారు. నాయనమ్మకు ఈ రెండూ రెండు గాయాలు. జంతికల పిండి కలుపుతూ, ఆవకాయ జాడీకి వాసెన కడుతూ, తులసికోట చుట్టూ తిరుగుతూ ఆ మాటే. "ఆడపిల్ల చదివితే మొగుడికి ఆయుష్షు తగ్గుతుందిరా" అనేది. "ఇంకా మొగుడే లేడు కదే అమ్మా, ఎవరి ఆయుష్షు తగ్గుతుంది?" అనేవారు నాన్నగారు. "వచ్చేవాడిదిరా! ఎక్కడున్నాడో ఏమో, పాపం, ఇప్పట్నించే తగ్గుతూ ఉంటుంది" అని కళ్ళొత్తుకునేది. ఆ కనిపించని పిల్లవాడి మీద నాకూ జాలేసేది. అయినా చదవడం మానలేదు.

మా ఇంట్లో ఉండే మామయ్య, అంటే అమ్మ తమ్ముడు, ఒకసారి పనిమీద రాజమండ్రి వెళ్ళి పని మరిచిపోయి తిరిగొచ్చాడు. బొంబాయి వైపు నుంచి వచ్చిన నాటక కంపెనీ ఒకటి అక్కడ పందిరి వేసుకుని ఆడుతోందట. రంగులు వేసిన తెరలు, వాటి మీద కోటలు, కోటల వెనక మేఘాలు. మూడు రోజులు అన్నం మానేసి చూశాడట. వచ్చినవాడు దొడ్లో పనసచెట్టు కింద చాప వేసుకుని, నెలలో ఒక నాటకం రాసి పారేశాడు. నదిని గోడ కట్టి ఆపిన ఒక రాజు కథ అది. తన పేరు చెప్పి దండం పెట్టినవాడికే నీళ్ళు వదులుతాడు. చివరి అంకంలో గోడ తెగుతుంది, రాజు కొట్టుకుపోతాడు.

అంతా బాగుంది గానీ రాజు వేషానికి మనిషి దొరకలేదు. మామయ్య దగ్గరున్నవాళ్ళంతా పురోహితుడి కొడుకు లాంటి సన్నగొంతుల వాళ్ళు. ఒకరోజు పొద్దున్నే గోదావరికి స్నానానికి వెళ్ళిన మామయ్య తడిబట్టలతో పరుగెత్తుకుంటూ వచ్చాడు. "రాజు దొరికాడు బావా!" అన్నాడు నాన్నగారితో. నది మధ్య పడవలో నిలబడి, వల చిక్కు చేసిన తమ్ముణ్ణి తిడుతున్న ఒక పల్లెకారు గొంతు విన్నాడట. "ఆ తిట్టుకు గట్టు మీద నేను వణికాను" అన్నాడు.

చేపలు పట్టుకునేవాడు సింహాసనం ఎక్కడం, పురోహితుడి కొడుకు మంత్రిగా అతని ముందు మోకరిల్లడం! ఊళ్ళో నాలుగు రోజులు గొడవైంది. "కిరీటం పెట్టుకున్నాక కులమేంటండీ? కిరీటానికి కులం ఉందా?" అని మామయ్య ఇల్లిల్లూ తిరిగి వాదించాడు. ఆఖరికి ఒప్పుకున్నారు. వాదానికి కాదు. మరో గొంతు లేక.

అతనికి చదువు రాదు. మామయ్యకు ఓపిక లేదు. అందుకని మాటలు చదివి నేర్పే పని నాకు అప్పగించారు. సాయంత్రం వల ఎండేసి వచ్చేవాడు. వస్తూనే నోట్లో చుట్ట తీసి చెవి వెనక దాచుకునేవాడు. నేను అరుగు మీద, అతను కింద వాకిట్లో గొంతుక్కూర్చుని. చేపల నీచూ చుట్ట పొగా కలిసిన వాసన. అతను వెళ్ళగానే నాయనమ్మ చెంబుడు నీళ్ళు జల్లేది. సింహాసనం మీద కూర్చోబోయే మనిషి మా అరుగు మీద కూర్చోకూడదన్న సంగతి ఆ వయసులో నాకు వింతగా తోచలేదు. ఇప్పుడు తోస్తోంది, సిగ్గుతో.

"చిన్న పంతులమ్మగారండీ, మెల్లిగా చెప్పండి. నాది బుర్రండి, వల కాదు. ఒక్కసారే అన్నీ పట్టదు" అనేవాడు.

నేను చదివాను. "నా అనుమతి లేనిదే ఈ నీరు పల్లానికి పారదు. పారితే ఆ పల్లాన్నే శిక్షిస్తాను."

అతను నవ్వేశాడు. "పల్లాన్నెలా శిక్షిస్తాడండీ? కర్రుచ్చుకుని బాదుతాడా?"

"రాజు కదా. ఏమైనా అంటాడు."

"మరి వినేవాళ్ళకి నవ్వు రాదాండి?"

"వస్తుంది. నవ్వితే తల తీయిస్తాడు."

అతను కాసేపు నేల వంక చూస్తూ ఆలోచించాడు. తర్వాత లేచి నిలబడి, ఆ మాటే అన్నాడు. ఏం చెప్పను! దూలం మీది పిచికలు లేచిపోయాయి. వంటింట్లో నాయనమ్మ చేతిలో గరిటె పడిన చప్పుడైంది.  అదే మాట, నేను సన్నగా, ముక్కుతో చదివిన మాట. కాగితం మీద చూస్తే వెర్రిమాట. అందులో ఇంత భయం ఎక్కణ్ణించి వచ్చింది? కాగితంలో లేదు. నా గొంతులో లేదు. చుట్ట చెవి వెనక దాచుకున్న ఆ మంచి మనిషిలోనూ లేదు. విన్నవాళ్ళం మేమే దాన్ని ఎక్కడినుంచో తెచ్చి పెట్టామని ఈనాడు రాయగలను. ఆనాడు మాత్రం గోదావరికి వరదొచ్చినప్పుడు గట్టు మీద నిలబడి చూసినట్టు, నోరు తెరుచుకుని చూశాను.

అధికారం రుచి నాకూ తగిలింది. ఒకరోజు పుస్తకంలో లేని మాట ఒకటి కలిపి నేర్పాను. ఆ సాయంత్రం సాధనలో రాజు సింహాసనం మీద నుంచి గర్జించాడు. "మంత్రీ! అటక మీది జాడీ దింపించు. అందులో మామిడితాండ్ర ఉన్నదని మా వేగులు చెప్పారు!"

"చిత్తం ప్రభూ" అని పురోహితుడి కొడుకు నిజంగానే మా ఇంట్లోకి బయల్దేరాడు. గుమ్మం దాకా వెళ్ళాక గానీ అతనికి అనుమానం రాలేదు. లోపల్నించి నాయనమ్మ కేక: "నా తాండ్ర సంగతి ఈ రాజు ముండావాడికి ఎవర్రా చెప్పింది?" మామయ్య పుస్తకమంతా వెతికి నా చెవి పట్టుకున్నాడు. తాండ్ర ముక్క మాత్రం నాన్నగారు పెట్టించారు.

సాధనకు రోజూ వచ్చి కూర్చునే పెద్దమనిషి మునసబుగారు. సన్నగా, ఎండిన తాటాకులా ఉండేవారు. వెండి పొన్ను వేసిన చేతికర్ర. కాలువ మొదట్లోని పొలాలన్నీ ఆయనవే. నాటకం ఆడే పాకా ఆయనదే. రాజు గర్జించిన ప్రతిసారీ కర్ర నేలకేసి కొట్టి "భేష్!" అనేవారు. ఒకరోజు మామయ్యను పక్కకు పిలిచారు. అరుగు మీది నాకు వినపడుతూనే ఉంది.

"ఆ చివరి అంకం బాలేదయ్యా. తీసెయ్."

"రాజు కొట్టుకుపోయే అంకమాండి? అదే కదండీ కథ! రాజు క్రూరుడు..."

"అయితే ఏంటి? క్రూరుడైనా రాజే కదా? ఏలేవాడు కొట్టుకుపోతే చూసేవాళ్ళు ఏం నేర్చుకుంటారు? నీళ్ళకోసం జనం వచ్చి కాళ్ళ మీద పడతారు చూడు, అక్కడ ఆపెయ్. నిండుగా ఉంటుంది."

పాక ఆయనది. మామయ్య ఆపేశాడు. చివరి ఎనిమిది కాగితాలు చింపి చూరులో దోపాడు. నేను వారం రోజులు అతనితో మాట్లాడలేదు. చింపమన్నవారి మీద కన్నా చింపినవాడి మీదే నాకు కోపం. ఆ కోపం ఇప్పటికీ సరైనదే అనుకుంటున్నాను.

ఇక ఈ కథకు అసలు మనిషి ఒకామె ఉంది. భర్త కాకినాడలో ఓడెక్కి రంగూను వెళ్ళిపోయాడు కనక ఊరంతా ఆమెను రంగూనమ్మ అనేవారు. మూడు నాలుగు నెలలకొక ఉత్తరం వచ్చేది. దాన్ని కొంగులో మూటకట్టి తెచ్చి, నాచేత చదివించుకునేది. చదివినంతసేపూ కాగితం వంక కాదు, నా పెదవుల వంక చూసేది. చదివినందుకు తేగలో, జామకాయో నా ఒళ్ళో పడేసేది. ఆమెకున్నది కాలువ చిట్టచివరి తూము కింద రెండెకరాలు. ఒంటి చేత్తో సాగు.

ఆ ఏడు జ్యేష్ఠంలో చినుకు పడలేదు. కాలువకు నీళ్ళొచ్చాయి గానీ సన్నగా వచ్చాయి. ఏ తూముకు ఏ రోజు నీళ్ళు వదలాలో వంతులుండేవి. చివరి తూము వంతు వచ్చినా దాని తలుపు తెరుచుకోవడం లేదు. తూముల కాపలా లస్కరుది. నీలిరంగు వెలిసిన కోటు, దానికి ఇత్తడి బిళ్ళ, మెడలో వేలాడే ఇనుప తాళంచెవి. ముప్పై ఏళ్ళుగా ఆ పనిలో ఉన్న ముసలివాడు. రంగూనమ్మ రోజూ వెళ్ళి అతన్ని బతిమాలేది.

"మునసబుగారు ముయ్యమన్నారమ్మా. నేనేం చేసేది?"

"వంతు మాది కదా తాతా?"

"అదాయన్నే అడుగు."

ఆయన్ను అడిగితే, "మగదిక్కు లేని మడికి వంతేంటే? నీ మొగుణ్ణి రంగూను నించి వచ్చి అడగమను" అన్నారట. మా వాకిట్లో నిలబడి ఆమె ఈ మాట మామూలుగానే చెప్పింది. "ఆకుమడి ఎర్రబడిపోతోంది పాపగారూ. ఇరవై రోజుల నారు. అది పోతే ఈ ఏడు ఊడ్చడానికి నా చేతుల్లో ఏమీ ఉండదు" అంది, అంతే.

మా ఊళ్ళో ఏటా కాలువకు పసుపూ కుంకుమా ఇచ్చే పండగ ఒకటి ఉండేది. నాటకం ఆ రోజే. అంతకు ముందేడు దివిటీ అంటుకుని పాక కప్పు సగం కాలింది కనక, మునసబుగారు దివిటీలు వద్దన్నారు. కాబట్టి పట్టపగలే ఆట. కాలువ గట్టునే పాక. దానికి పది బారల దూరంలో చివరి తూము.

రాజు వేషానికి మధ్యాహ్నం నుంచీ తయారీ. పసుపురంగు అర్దళం పూసిన ముఖం, మసి దిద్దిన మీసాలు, తేలికైన పొణికి చెక్క మీద తళతళలాడే బేగడ రేకు అతికించి అద్దం ముక్కలు తాపిన కిరీటం, భుజకీర్తులు. కొబ్బరినూనే, జిగురూ, చెమటా, కాలువ ఒండ్రూ అన్నీ కలిసిన ఆ వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే ఆగి వెనక్కి తిరిగి చూస్తాను. కిరీటం పెట్టబోయే ముందు అతను దానికి దండం పెట్టాడు. "భయంగా ఉందండీ" అన్నాడు నాతో మెల్లిగా. "మాట మరిచిపోతే?" నేను పక్కతెర వెనకే ఉంటానన్నాను.

తెర తీశారు. పశ్చిమపు ఎండ ఏటవాలుగా వచ్చి కిరీటం మీద పడింది. అద్దం ముక్కల వెలుగు జనం ముఖాల మీద, పాక కప్పు మీద, కాలువ నీళ్ళ మీద చెదిరింది. వాడు మా ఊరి పల్లెకారని అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. వాడి దగ్గర చేపలు బేరమాడినవాళ్ళే అందరూ. అయినా ఎవరూ దగ్గలేదు. చంటిపిల్లలు ఏడుపాపారు. ముందు వరసలో కుర్చీలో ఉన్న మునసబుగారి చేతులు ఆయనకే తెలియకుండా దగ్గరికొచ్చి జోడించుకున్నాయి. అది నేను కళ్ళారా చూశాను. పదేళ్ళ పిల్లకు అంతకు మించిన అద్భుతం ఏముంటుంది?

నీళ్ళు అర్థించే రంగం వచ్చింది. ప్రజల వేషాలు వేసిన ముగ్గురు వరసగా వచ్చి మోకరిల్లాలి. రాజు ముగ్గుర్నీ వెళ్ళగొట్టాలి. తర్వాత కొలువంతా "మహాప్రభూ" అని సాగిలపడాలి. అక్కడితో ఆట సరి. మొదటివాడు వచ్చాడు, పోయాడు. రెండోవాడూ అంతే. మూడోవాణ్ణి వెళ్ళగొడుతూ రాజు అరిచిన అరుపుకు పాక స్తంభాలు అదిరాయి.

అప్పుడు నాలుగో మనిషి వచ్చింది. జనంలోంచి లేచి, మోకాళ్ళ దాకా మట్టితో, రంగూనమ్మ. కొంగులోంచి గుప్పెడు నారు తీసి సింహాసనం ముందు పెట్టింది. ఎర్రగా, కొసలు మాడి, చుట్టుకుపోయి ఉంది.

"బాబూ, చివరి తూము కింద ఆకుమడండి నాది. ఇంకో రెండ్రోజులు నీరందకపోతే ఇదంతా గడ్డేనండి. ఈ వంతు నాదేనండి. తలుపు తియ్యమని చెప్పండి బాబూ."

ఆమె ఆ మాటలు నటించడం లేదని జనానికి ఒక్క క్షణంలో తెలిసిపోయింది. అవతలి పక్కన మామయ్య తెర దించమని చేతులూపుతున్నాడు. తెర పట్టుకున్నవాళ్ళు అతన్ని చూడటం లేదు. రాజు కదల్లేదు. కళ్ళు మాత్రం నా వైపు తిరిగాయి. కిరీటం కింద ఆ కళ్ళలో ఉన్నది రాజు కాదు, మా వాకిట్లో గొంతుక్కూర్చునే మనిషి. మాట కోసం చూస్తున్నాడు.

నేను పుస్తకం చూశాను. వేలి కింద ఇంకా మూడోవాడికి చెప్పిన మాటే ఉంది: "పో! మా దయ లేని నేలకు దాహం హక్కు కాదు."

అది అందిస్తే అతను అదే అంటాడు. నేనేది ఇస్తే అది అంటాడు. పదేళ్ళ పిల్ల చేతిలో ఆ గొంతుంది, ఆ కిరీటం ఉంది, ఊరంతా ఉంది.  పుస్తకం మూశాను. "చివరి తూము తెరవండి. ఇది నా ఆజ్ఞ" అన్నాను. అతనికి తప్ప ఎవరికీ వినపడని గొంతుతో.

అతను నిండా ఊపిరి పీల్చుకున్నాడు. లేచి నిలబడ్డాడు.

"చివరి తూము తెరవండి! ఇది నా ఆజ్ఞ!"

అవతలి గట్టున కొంగలు లేచాయి.  అప్పుడు వెనక వరసల్లోంచి లస్కరు తాత లేచాడు. తలపాగా సర్దుకున్నాడు. మెడలో తాళంచెవి చేత్తో పట్టుకుని, మనుషుల మధ్యనుంచి నడిచి వెళ్ళాడు. ఇనుము ఇనుముకు రాసుకున్న కీచుమన్న చప్పుడు. ఇంకొకటి. తర్వాత నీళ్ళ చప్పుడు. మొదట గొంతులో గురక లాగా, తర్వాత నవ్వులాగా, ఆ తర్వాత ఏకధారగా. వందలమంది కూర్చుని ఆ చప్పుడు విన్నారు.  నదిని ఎవరో మోసుకొచ్చి మా మధ్య దించినట్టుగా ఉండిపోయాం.

ముందుగా తేరుకున్నది మునసబుగారు. "ఒరేయ్! ముయ్యరా!"

లస్కరు చేతులు కట్టుకుని తూము ముందు నిలబడ్డాడు. "రాజుగారి ఆజ్ఞ అయింది కదండీ. ఇక ఓవర్సీరుగారు వచ్చి చెబితే మూస్తానండి."

కాలువల మీద సర్కారు అధికారి ఆ ఓవర్సీరు. రెండు రోజుల తర్వాత పడవలో వచ్చాడు. ఆ రెండు రోజులూ ఆకుమడి నీళ్ళు తాగింది.

చావడి ముందు విచారణ. ఊరంతా వచ్చింది. ఓవర్సీరు కొత్తగా వచ్చినవాడు. బూట్లు, టోపీ, నుదుటి మీద చెమట. లస్కరును పిలిచాడు.

"ఎవరి హుకుం మీద తీశావు?"

"రాజుగారి హుకుమండి."

"ఏ రాజు రా?"

"నాటకంలో రాజుగారండి."

"ఎగతాళా? రాతమూలకంగా హుకుం లేనిదే తూము ముట్టుకోకూడదని తెలీదూ?"

"ముయ్యమని మునసబుగారు నోటితోనే చెప్పారండి, మూశాను. తియ్యమని రాజుగారు నోటితోనే చెప్పారండి, తీశాను. రెండిటికీ కాగితం లేదండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. మునసబుగారి కర్ర నేలను గుచ్చింది. ఓవర్సీరు ఎర్రబడి, రాజును పిలిపించాడు. గోచీ, తలగుడ్డ, చేతులు కట్టుకున్న మనిషి. మామయ్య రాసిన నాటకం పుస్తకం తెప్పించి గుమాస్తా చేత వెతికించాడు. ఆ మాట అందులో లేదు.

"ఎవడు చెప్పాడురా నీకు? నీ సొంతమా?"

"ఆయ్. నా సొంతమేనండి."

"వీడి వల ఇక మన రేవులో పడకూడదు" అన్నారు మునసబుగారు, తీర్పు తనదే అయినట్టు. "వీడూ, వీడి తమ్ముడూ మూట కట్టుకోవలసిందే."

నేను నాన్నగారి చెయ్యి పట్టుకుని గుమ్మం దగ్గరున్నాను. ఆ మనిషి నా వైపు చూడను కూడా లేదు. చూస్తే నేను దొరికిపోతానని. నేను చెయ్యి విడిపించుకున్నాను.

"కాదండీ. ఆ మాట నేనందించాను."

ఓవర్సీరు వెతుక్కుని, కిందికి చూసి, నన్ను కనుక్కున్నాడు. "నువ్వా? పుస్తకం పట్టుకుని మాటలందించావా? ఆడపిల్లకు చదువేంటి?"

"పంతులు నేర్పి పంపిన అబద్ధమండీ" అన్నారు మునసబుగారు.

"తేలిపోతుందిగా" అని ఓవర్సీరు బల్ల మీద చేతికందిన పుస్తకం నా ముందుకు తోశాడు. "ఏదీ, ఇది చదువు చూద్దాం."

అది వంతుల పుస్తకం. అట్ట మీద చెదల మరకలు. ఎక్కడ తెరుచుకుంటే అక్కడ మొదలుపెట్టాను. బళ్ళో చదివినట్టు, నిలబడి, చేతులు చాచి పట్టుకుని, గట్టిగా. మొదటి తూము ఫలానా వారాలు. రెండో తూము ఫలానా వారాలు. మూడు. నాలుగు. "చివరి తూము, మంగళవారం, శనివారం, పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకే దాకా. తక్కిన తూములు మూసి ఉంచవలెను." కింద రాసినవారి సంతకం. మునసబుగారిది. అదీ చదివాను.

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఒక రైతు మెల్లిగా అన్నాడు. "నాటకం శనివారమే కదండీ."

ఆ పుస్తకం చావడిలో ఎన్నాళ్ళుగా ఉందో! రోజూ దాని పక్కనించే అందరూ నడిచారు. దాన్ని ఊరికి ఎవరూ ఎన్నడూ చదివి వినిపించలేదు, వంతులన్నీ నోటిమాట మీదే నడిచాయి. వెనకనుంచి ఇంకో గొంతు లేచింది. "పాపగారూ, మా రెండో తూము వంతు ఇంకోసారి చదవండి." "మాది నాలుగోదమ్మా, అదీ చెప్పండి." "అన్నీ మొదట్నించి చదువు తల్లీ!" జనం బల్ల చుట్టూ మూగారు. నేను మళ్ళీ మొదటినుంచి చదివాను. చదివి వినిపించిన ప్రతి వంతునూ ఎవరో ఒకరు నోటితో తిరిగి అనుకుంటున్నారు, వేళ్ళ మీద వారాలు లెక్కపెట్టుకుంటున్నారు. రాజు గొంతు విన్ననాడు కూడా వాళ్ళ ముఖాలు అలా వెలగలేదు. నా సన్నగొంతుకు, ఆ ముక్కుతో చదివే గొంతుకు! మూడోసారి చదివేసరికి గొంతు బొంగురుపోయింది. ఎవరో ఇత్తడి చెంబుతో మజ్జిగ తెచ్చిచ్చారు.

ఓవర్సీరు తెలివైనవాడు. టోపీ తీసి, తల తుడుచుకుని, పుస్తకంలో స్వయంగా రాశాడు: చివరి తూము వంతు ప్రకారమే తెరవబడినది. వల సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మునసబుగారు ఎప్పుడు వెళ్ళిపోయారో చూడలేదు.

మర్నాడు రాజు మా వాకిట్లోకి వచ్చి, చుట్ట చెవి వెనక పెట్టుకుని గొంతుక్కూర్చున్నాడు. "ఒక మాట చెప్పాలండి. మీరు పొమ్మని అందించుంటే, నేను పొమ్మనే అనేవాణ్ణండి. రాత్రంతా నిద్రపట్టలేదు" అన్నాడు. నాకూ పట్టలేదు. ఇప్పటికీ అప్పుడప్పుడూ పట్టదు.

రంగూనమ్మను అడిగాను, ఆయన నిజం రాజనుకున్నావా అని. ఆమె నన్ను జాలిగా చూసింది. "పొద్దున్నే వాడి దగ్గర చేపలు కొన్నాను పాపగారూ. నాకు తెలీదాండీ? మునసబు వినలా. లస్కరు వినలా. ఓవర్సీరు మొహమే నాకు చూపించలా. ఊరంతా ఒక్కచోట నోరు మూసుకుని కూర్చున్నది ఆ ఒక్కపూటే. అందుకని అక్కడ చెప్పాను."

లస్కరు తాతను నాన్నగారు అడిగారు, ఎందుకు తీశావని. తాత తాళంచెవి తిప్పుకుంటూ అన్నాడు: "ముప్పై ఏళ్ళుగా ముయ్యమనేవాళ్ళే గానీ, ఆ తూము తియ్యమన్నవాడు లేడండి. ఎవడో ఒకడు అంటాడని చూస్తున్నానండి."

చూశారా, ఆ వకీలు వెర్రివాళ్ళన్నది వీళ్ళనే. వేషాన్ని చూసి మోసపోయినవాడు ఆ ఊళ్ళో ఒక్కడే ఉన్నాడు. చేతులు తెలియకుండానే జోడించుకున్న పెద్దమనిషి.

నాయనమ్మ ఆ సాయంత్రం నాకు దిష్టి తీసింది. ఉప్పు పొయ్యిలో వేసి, చిటపటలు విని, లేచి వెళ్ళింది. పడుకోబోయే ముందు మాత్రం, "చదివితే చదివావు గానీ, అంత గట్టిగా చదవాలా?" అంది.

కథ ఇక్కడితో సుఖంగా ముగియలేదు. పాక తలుపుకు తాళం పడింది. మామయ్య పట్నం వెళ్ళిపోయి గుమాస్తా అయ్యాడు, మళ్ళీ నాటకం రాయలేదు. కిరీటం చెదలు తినేసింది. మరుసటి ఏడు వంతుల పుస్తకం చావడిలోంచి మునసబుగారి ఇంటి పెట్టెలోకి వెళ్ళింది. కిరీటం పగలగొట్టడం కన్నా పుస్తకం దాచడం ముఖ్యమని ఆయనకు అప్పటికి తెలిసింది. నాకు తెలియడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. గర్జించే రాజుకు ప్రాణం పోసేది మనం. వాడి చేతిలో ఉన్నదల్లా మనం చదవని కాగితమే.

మీ ఊళ్ళోనూ అటువంటి పుస్తకం ఒకటి ఉంటుంది. నీళ్ళదో, బడిదో, భూమిదో, మీ పేరున రాసి మీకు చూపించనిది. రేపు పొద్దున్నే వెళ్ళండి. నలుగుర్ని వెంటబెట్టుకుని వెళ్ళండి. బయటికి తెమ్మని అడగండి. రేపు రమ్మంటే అక్కడే కూర్చోండి. చేతికొచ్చాక మీ ఇంటి ఆడపిల్ల చేత చదివించండి. ఆమెకు చదువు రాకపోతే ఈవేళే మొదలుపెట్టండి. గట్టిగా చదవమనండి, ఊరి చివరి ఇంటి దాకా వినపడేటంత గట్టిగా.